వదినగారూ, మీ మీటరు మిణుకుతోందా?

ఏం వదినగారూ, ఈ నెల కరెంటు బిల్లు ఎంతొచ్చింది? చెప్పండి, దాచుకునేదేముంది! చీర ఖరీదు అడిగితే తగ్గించి చెప్తారు, బంగారం ఊసెత్తితే మాట మారుస్తారు. కరెంటు బిల్లు దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. నలుగురూ చెప్పుకుంటేనే అందులో మజా.

అవును, మజా అనే అన్నాను. బిల్లు తగ్గించుకోవడం పీనాసితనమని ఎవరన్నారు మీకు? నాకది భలే ఇష్టమైన పని. ఏ గదిలో ఏది తిరుగుతోంది, ఏది ఊరికే కూర్చుని కరెంటు తాగుతోంది, ఎండని ఎక్కడ ఆపాలి, ఎక్కడ రమ్మనాలి... ఈ పనిలో పడితే ఉన్న ఇల్లే కొత్తగా కనిపిస్తుంది.

ముందు ఆ బిల్లు చీటీ పూర్తిగా చదవండి. చదవరు కదా! అడుగున మొత్తం చూసి, ఓ నిట్టూర్పు విడిచి, ఫ్రిజ్ మీద పడేస్తారు. అసలు కథంతా శ్లాబుల్లో ఉంది. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ రూ.1.90. అక్కణ్ణుంచి 75 దాకా రూ.3, ఆపైన 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6. అది దాటారా, ఒక్కసారిగా రూ.8.75! 400 దాటితే రూ.9.75.

226వ యూనిట్ పడగానే బిల్లు మొత్తానికీ ఆ పెద్ద రేటే వేసేస్తారని చాలామంది హడలిపోతుంటారు. మీరు కూడానా? అట్టా ఏం లేదు. ఏ శ్లాబులో యూనిట్లకి ఆ శ్లాబు రేటే. 225 కాలిస్తే యూనిట్ల తాలూకు లెక్క 1,017 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు వేరేగా వచ్చి కూర్చుంటాయనుకోండి. 250 కాల్చారంటే ఆ ఎగస్ట్రా 25కి మాత్రం 218 రూపాయల 75 పైసలు. ఇందులో నాకు నచ్చిన సంగతి చెప్పనా? మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబుదే. అంటే అన్నిటికంటే ఖరీదైనదే ముందు మిగులుతుంది. ఇంతకంటే మంచి వార్త ఏం కావాలి!

సరే, ఎక్కడ మొదలెట్టాలంటారా? మీటరు దగ్గర. దాని మీద చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంటుంది చూడండి. పక్కనే 3200 అనో 1600 అనో రాసుంటుంది. అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ కాలినట్టు. ఓ రోజు ఇంట్లో అన్నీ కట్టేసి, మీటరు ముందు స్టూలేసుకుని కూర్చోండి. అన్నీ ఆపాక కూడా అది మిణుకుతోందా? మరి ఎవరు తాగుతున్నారు? సెట్‌టాప్ బాక్సు. రిమోటుతో ఆపిన టీవీ. ఇన్వర్టరు. ఒక్కొక్క స్విచ్చీ తీస్తూ దొంగని పట్టుకోవాలి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, సెలవుల్లో సెల్‌ఫోను అడగరు.

బల్బుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందులో మన గుంటూరు జిల్లావాళ్ళం దేశంలో చాలామందికంటే ముందున్నాం. 2014 అక్టోబరులో పాత బల్బు ఇచ్చి 10 రూపాయలు కడితే 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు, ఇంటికి రెండు. గుర్తుందా? రాష్ట్రంలో ముందుగా మొదలెట్టిన నాలుగు జిల్లాల్లో మనదొకటి. దేశమంతటా ఆ పథకం మొదలైంది ఆ తర్వాత, 2015 జనవరిలో. పాత 60 వాట్ల బల్బు రోజుకి 6 గంటలు వెలిగితే నెలకి దాదాపు 11 యూనిట్లు. ఈ బుల్లిదానికి ఒకటింబావు. వాకిట్లో రాత్రంతా వెలిగినా బెంగ లేదు.

ఇప్పుడు పైకి చూడండి. ఆ తిరిగేదే, ఫ్యాను. మన వైపు ఫ్యాను ఆగేదెప్పుడు చెప్పండి? సంక్రాంతి చలికి నాలుగు రోజులు, కరెంటు పోయినప్పుడు కాసేపు. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకి 16 గంటలు తిరిగిందనుకుంటే నెలకి 36 యూనిట్లు. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లే, అదే గాలి, నెలకి 14 యూనిట్ల చిల్లర. ఒక్క ఫ్యానుకే 21 యూనిట్లు! మూడు గదులుంటే మీరే లెక్కేసుకోండి. వేగం ఒకటిలో పెట్టినా అది పాతదానిలా గుర్రుగుర్రుమనదు. ముందు పడకగదిది మార్చండి. ఎక్కువ గంటలు తిరిగేది అదే కదా.

ఎండ మాటకొస్తే, రెంటచింతల పేరు వినని వాళ్ళున్నారా? వేసవి వార్తల్లో మన పల్నాడు పేరు మోగేది ఆ ఊరి వల్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ నెత్తిన పడితే ఇంటి పైకప్పు వేడెక్కదూ? పగలంతా వేడి తాగి, రాత్రి పదింటికి తాపీగా మన మీదకి వదుల్తుంది. అందుకే ఉగాది వెళ్ళగానే డాబా మీద సున్నం వేయించమనేది. సున్నానికి ఎక్కడికో పోనక్కర్లేదు, పిడుగురాళ్ళ మన పక్కనే ఉంది. తెల్లటి డాబా ఎండని వచ్చిన దారినే పంపేస్తుంది. కింద గదిలో తేడా చేత్తో పైకప్పు ముట్టుకున్నట్టు తెలుస్తుంది. పడమటి కిటికీకి వెదురు తడిక కట్టండి. లోపల కర్టెన్ కాదండీ, బయట! అద్దం దాటి లోపలికొచ్చిన ఎండని ఇక ఏ కర్టెనూ బయటికి నెట్టలేదు.

కూలరు కొందామనుకుంటున్నారా? ముందు మీ ఊరేదో చెప్పండి. నీళ్ళు ఆవిరవుతూ గాలిలో వేడిని లాక్కోవడమే కూలరు చేసే పని. గాలి పొడిగా ఉంటేనే ఆ ఆట సాగుతుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో మార్కాపురంలోనో అయితే వడగాలికి తిరుగులేని మందు. కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. అదే చీరాలలోనో బాపట్లలోనో అయితే వద్దు బాబోయ్! సముద్రపు గాలిలో అసలే ఉక్క, దానికి తోడు ఇది ఇంకో కడవెడు తేమ పోస్తుంది. ఒళ్ళంతా జిగటజిగట. అక్కడ ఫ్యాను వేసుకుని వాకిట్లో కూర్చోవడమే సుఖం.

ఏసీ ఉందిగా అంటారు అన్నయ్యగారు. ఉంది, 18లో పెట్టి రగ్గు కప్పుకుంటున్నారని కూడా తెలుసు! ఆ రగ్గు తీసి పెట్టెలో పెట్టమనండి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేట్టు చేశారు, అక్కడే ఉంచండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని లెక్క. పైన ఫ్యాను ఒకటిలో తిరగనివ్వండి. మన గుంటూరు కోల్డ్ స్టోరేజీలకి ఎప్పుడైనా వెళ్ళారా? బయట మే నెల ఎండ, లోపల మిరప బస్తాలు చల్లగా నిద్రపోతుంటాయి. ఆ మందపాటి గోడలు చూడాలి, ఆ తలుపుల బిగింపు చూడాలి. మన ఇంట్లోనో? ఏసీ వేసి, తలుపు ఓరగా పెట్టి, గడపలో నిలబడి కబుర్లు!

మిరపకాయలంటే గుర్తొచ్చింది. కల్లాల్లో ఎకరాలకి ఎకరాలు ఎర్రగా పరిచి ఎండబెడతారే, దానికి ఎవరన్నా బిల్లు కడుతున్నారా? ఆ సూర్యుడే కదా మన డాబా మీదా ఉన్నాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30,000 రూపాయల సబ్సిడీ, రెండిటికి 60,000, మూడూ ఆపైన 78,000. ఒక కిలోవాట్ పలకలు మన ఎండకి రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. నెలకి 120. అవన్నీ పై శ్లాబులోంచే తగ్గుతాయని వేరే చెప్పాలా? ఒక్క మాట. మనది నల్లరేగడి, పత్తి చేలల్లో ట్రాక్టరు తిరిగితే ఊరంతా దుమ్ము. పొద్దున్నే పలకలు చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు చల్లి మెత్తటి గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయకండి.

ఇక చలికాలానికి వస్తే, గీజరు 2000 వాట్లు. అరగంటకి ఒక యూనిట్. పల్లెలో ఆ గొడవే లేదు. పెరట్లో మూడు రాళ్ళు, పైన కాగు, కింద పత్తికట్టె. ఆ మంట చూశారూ, అంటుకుందంటే చిటపటలాడుతూ నిలువునా లేస్తుంది, నీళ్ళు సలసలా కాగుతాయి. కానీ పొయ్యి దగ్గర్నుంచి కదలడానికి లేదు, తోస్తూనే ఉండాలి. అదో కాలక్షేపం. కొందరు మిరపకట్టె కూడా పెడతారు. పెట్టండి గానీ ముందు దులపండి! ఒక్క తాలుకాయ అంటుకుని ఉన్నా చాలు, ఘాటుకి వీధి వీధంతా దగ్గుతుంది, మిమ్మల్ని ఎరగనివాళ్ళు కూడా పేరు పెట్టి తిడతారు. ఇంకోటి, పత్తికట్టె వామి వేసి మళ్ళీ పంట దాకా దాచకండి. గులాబీరంగు పురుగు అందులోనే కాపురం పెడుతుంది. వేసవి దాటకుండా కాల్చేయాలి.

గ్యాసు కూడా చెప్పమంటారా? మంట గిన్నె అంచులు దాటి పైకి పాకుతోందంటే ఆ గ్యాసు గాలిపాలే. నీలంగా కాకుండా పచ్చగా మండుతూ గిన్నెకి మసి పడుతోందా? బర్నరు కన్నాలు పూడిపోయాయి, ఓ పిన్నీసు తీసుకోండి. కందిపప్పు అరగంట ముందు నానబోస్తే కుక్కరు కూతలు సగానికి తగ్గుతాయి.

అసలు పొయ్యే ముట్టించక్కర్లేని వంటలకి మన వైపు పెట్టింది పేరు కదా! మాఘమాసంలో పండుమిరపకాయలు వస్తాయి. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచితే... అబ్బ, ఆ రంగు! జాడీకెత్తి మూడోరోజు తిరగదంచాలి. గ్యాసు ఖర్చు లేదు, మిక్సీ ఖర్చు లేదు, మీ చేతి సత్తువే. తినేప్పుడు కావలసినంత తీసుకుని ఇంగువ పోపు పెట్టుకుంటే సరి. ఈసారి మీ రోలూ మా కాయలూ. అన్నం మాత్రం వేడిగా వండి ఉంచండి, నెయ్యి నేను తెస్తాను.