తాత తెచ్చిన సీరియల్ సెట్టు

కోలారు వైపు మన ఇండ్లలో ఈ దీపాల సరాన్ని సీరియల్ సెట్టు అంటాము. బడిలో మేము అన్నదమ్ములం చదివింది కన్నడ మీడియం, కాబట్టి మాకిది ‘సరణి జోడణె’. తెలుగు పుస్తకాల్లో ‘శ్రేణి సంధానం’ అంటారని పెద్దయ్యాకే తెలిసింది. ఏ మాటైనా అర్థమొకటే: కరెంటుకు ఒకే దారి. ఒక బల్బు పోతే అన్నీ ఆరిపోతాయి.

తాత తెచ్చిన సెట్టులో 6 వోల్టుల చిన్న బల్బులు 40, ఒక్కోదానికి ప్లాస్టిక్ పూరేకుల తొడుగు. 230 వోల్టులను 40 బల్బులు పంచుకుంటే ఒక్కోదానికి ఆరుకు కొంచెం తక్కువ. నాయన చెడిన బల్బును కోసేసి వైరు మెలిపెట్టేవాడు. సెట్టు ఇంకా జోరుగా వెలిగేది. 32 బల్బులకు వచ్చేసరికి ఒక్కోదాని మీద 7 వోల్టులు దాటినాయి. ఆ జోరుకే మిగిలినవి తొందరగా మాడిపోయేవి.

చెడిన బల్బును నాయన టెస్టర్‌తో పట్టేవాడు. (మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. అవ్వ లెక్కలో టెస్టరంటే ఇప్పటికీ నాయన జేబులోని ఆ స్క్రూడ్రైవరే.) ఫేజు వైపు నుండి ఒక్కో అతుకు దగ్గర పెట్టుకుంటూ పోతే, టెస్టర్ ఎక్కడ వెలగడం మానిందో దానికి ముందున్న బల్బు పోయినట్లు. భయమూ అక్కడే ఉంది. సరమంతా ఆరిపోయినా, తెగిన చోటు దాకా వైరులో పూర్తి 230 వోల్టులు ఉంటాయి. మీ ఇంట్లో పాత సెట్టు ఉంటే స్విచ్ ఆపి ఊరుకోవద్దు, ప్లగ్గు పీకండి. మేము దీన్ని చుట్టేది తులసి కట్టకు. అక్కడ అవ్వ రోజూ నీళ్ళు పోస్తుంది, నాలుగేళ్ళ పాప వెంట తిరుగుతుంది.

కొత్తది కొందామంటే అవ్వ ఒప్పలేదు. “దీపాలు ఏమన్నా చేసుకోండిరా. మీ తాత తెచ్చిన పూలు మాత్రం పారేయొద్దు.”

పగలని పూలు 36 దొరికినాయి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, 220 ఓముల రెసిస్టర్లు, 12 వోల్టుల అడాప్టర్ కొన్నాము. మూడు ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టర్ కలిపి ఒక వరుస. అట్లాంటి 12 వరుసలను రెండు వైర్ల మధ్య నిచ్చెన మెట్ల మాదిరి కట్టినాము. ఎల్‌ఈడీలు తలా 3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3 రెసిస్టర్ మీద పడతాయి, వరుసకు సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. ప్రతి అతుకూ సాల్డరింగ్ చేసి స్లీవ్ తొడిగినాము. అడాప్టర్ ఇంటి లోపలే. కిటికీ దాటి బయటికి పోయేది 12 వోల్టులే.

తర్వాత ఒక ఎల్‌ఈడీని కావాలనే ఊడబీకినాము, ఆఫీసులో చేసే పనే. మూడు ఆరినాయి, 33 వెలుగుతూనే ఉన్నాయి.

నాయనకు నమ్మకం కుదరలేదు. టెస్టర్ తీసి వైరుకు ఆనించినాడు. అది వెలగలేదు. “కరెంటు లేకుండానే వెలుగుతా ఉండాయే!” దాంట్లోని నియాన్ దీపానికి 12 వోల్టులు చాలవని చెప్పినాము. విని, ఇంకో చోట ఆనించి చూసినాడు.

అవ్వ తులసికి నీళ్ళు పోసి, కాసేపు నిలబడి, “ముందు మినుకుమినుకుమనేవి గదరా” అన్నది. నిజమే. పాత సెట్టులో ఒక బల్బులో లోహపు పట్టీ ఉండేది. వేడికి వంగి అన్నిటినీ ఆర్పి, చల్లబడి మళ్ళీ వెలిగించేది. దాని బదులు ఏం పెట్టాలో చూస్తున్నాము. కార్తీకం లోపల కావాలంట.