సున్నపు గీత వెంబడి

సాయంకాలం కాస్త దూరం నడిచి రావడం మాకు అలవాటు. ఒకనాడు దారిలో రెండు కాలేజీల జట్లు ఫుట్‌బాల్ ఆడుతూంటే ఆగి చూచినాము. ఆడేవారు ఇరవై ఇద్దరు. చూచేవారిని లెక్కపెట్టితే మాతో కలిపి పదిహేడుగురు. అందులో ఇద్దరు మేకలు కాచుకొనే పిల్లలు.

మనస్సు చివుక్కుమన్నది. 1960వ దశకంలో మేము మదురైలో చదువుకొనేనాడు మ్యాచి ఉన్నదంటే మధ్యాహ్నానికే క్లాసులు సగం ఖాళీ. కూర్చునేందుకు గ్యాలరీలు లేవు. సున్నపు గీత వెంబడి నాలుగు వరుసలుగా నిలబడేవాళ్ళము. గీత దాటివచ్చిన బంతిని ఒక్కసారి తన్నే భాగ్యం కోసం తోసుకొనేవాళ్ళము. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మనవారు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన వేడి ఇంకా చల్లారలేదు. ఆ జట్టును తీర్చిదిద్దినది హైదరాబాదు రహీంగారని చెప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడే మేము అరవ స్నేహితుల ముందు కాస్త మీసం దువ్విన మాటా నిజమే.

ఆనాడు ఇంటికి వచ్చి, "ఈ కాలం పిల్లలకు ఆటంటే ఆసక్తి లేదు" అని రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం మొదలుపెట్టినాము. మా మనుమరాలు కాలేజీలో చదువుతున్నది. ఆడపిల్లల జట్టులో గోలు కాస్తుంది. అన్నం కలుపుతూనే అన్నది: "నాలుగున్నరకు కాలేజీ బస్సులు కదులుతాయి తాతా. తప్పితే ఊరికి పోయే దారి లేదు. ఆసక్తి ఉన్నా ఎవరు నిలబడతారు?"

ఇది మాకు తోచని సంగతి. మా కాలంలో చాలామందిమి హాస్టళ్ళలో ఉండేవాళ్ళము. సాయంకాలం మా సొంతం. ఇప్పుడు పల్లెల నుంచి వచ్చి పోయేవారే ఎక్కువ. పైగా సెమిస్టరు పరీక్షలు. చేతిలో సెల్‌ఫోను, అందులో లోకంలోని మేటి ఆటగాళ్ళు. రాత్రి వారిని చూచిన కంటికి, పగలు మన నల్లరేగడి మీద పరుగెత్తే పిల్లలు ఆనరు. ఈ బెడద మనదొక్కటే కాదు. అమెరికాలో వారి తరహా ఫుట్‌బాలుకు పేరుమోసిన అలబామా విశ్వవిద్యాలయం, ఆట చివరిదాకా కూర్చున్న విద్యార్థులకు ఫోనుద్వారా మార్కులిచ్చే ఏర్పాటు 2019లో చేయవలసి వచ్చింది!

అదే 2019లో మన కారియాపట్టి దగ్గర పుల్లూరు సేతు ఇంజనీరింగు కాలేజీతో సంబంధమున్న సేతు ఎఫ్.సి. ఆడపిల్లలు లూధియానాలో మణిపూర్ పోలీసు జట్టును 3–1తో గెలిచి, భారత మహిళల లీగు విజేతలైనారు. 2022లో భువనేశ్వరంలో రెండవ స్థానం పొందినారు. ఆ ఏళ్ళలో లీగు చివరి పోటీలన్నీ ఒకే ఊళ్ళో, అదీ మనకు ఎంతో దూరాన జరిగేవి. ఇంటిముందటి విజయాన్ని మనము పేపర్లో చదువుకొన్నాము.

"అంత దూరం సరే," అన్నది మనుమరాలు, "మా మ్యాచికి నువ్వు ఎప్పుడు వచ్చినావు తాతా?"

జవాబు లేదు. మూడుసార్లు పిలిచింది. ఒకసారి ఎండ అన్నాము, ఒకసారి మోకాళ్ళు అన్నాము, మూడోసారి ఫోనులో వీడియో పంపమన్నాము.

ఆ తరువాతి మ్యాచికి మేము, మా ఇంటావిడ, ఇరుగుపొరుగు పెద్దలు నలుగురు, ఒక బిందెడు నిమ్మకాయ నీళ్ళతో వెళ్ళినాము. మా పిల్ల జట్టు ఓడిపోయింది. రెండు గోళ్ళు ఆమె చేతులు దాటిపోయినవి. మూడోదాన్ని ఎగిరి పట్టుకొన్నది. అప్పుడు మేము వేసిన కేకకు గొంతు బొంగురుపోయి రెండు రోజులు మాట రాలేదు. మైదానంలో ఆమె మావైపు తిరిగి చూడనే లేదు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుకొంటూ మాత్రం, "గోలు దగ్గరికి నీ గొంతొక్కటే వినిపించింది తాతా" అన్నది.

చదువరులారా, నాలుగున్నర బస్సు పిల్లలకు గాని మనకు కాదు గదా! పింఛను పుచ్చుకొని వీథి అరుగుల మీద కాలం పుచ్చేవారము ఎందరమో ఉన్నాము. సున్నపు గీత వెంబడి ఇప్పుడు కావలసినంత చోటున్నది.