చేతులు నేర్చిన చదువు

యాభై మూడవ యేట నాకు మా అబ్బాయి గురువైనాడు. ఇంజనీరింగు చదువుతున్న వాడు వేసవి సెలవులకు వస్తూ, రిమోటు కంట్రోలుతో ఎగిరే చిన్న హెలికాప్టరును వెంట తెచ్చాడు. దానిని ఎగురవేయడం నాకూ నేర్పుతానన్నాడు. ఎడమచేతి మీట ఎత్తును, తోక మళ్ళింపును శాసిస్తుంది. కుడిచేతి మీట ముందు వెనుకలకు, ఇరుపక్కలకు నడిపిస్తుంది. ఈ సూత్రం అయిదు నిమిషాలలో నాకు కంఠస్థమైంది. హెలికాప్టరు మాత్రం అయిదు క్షణాలలో నేల కూలింది. రెక్కలు విరిగాయి.

"అన్నీ తెలుసుకున్నారు కదా నాన్నగారూ, మరి చేయలేకపోయారేం?" అన్నాడు వాడు నవ్వుతూ.

ఆ ప్రశ్న నన్ను గుచ్చింది. కొద్ది నెలల క్రితం తరగతిలో ఒక విద్యార్థిని నేను అడిగిన ప్రశ్న అదే. గణాల లక్షణాలన్నీ తడబడకుండా అప్పజెప్పిన ఆ అబ్బాయి, పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించలేక వేళ్ళు లెక్కించుకుంటూ నిలబడ్డాడు. తరగతి నవ్వింది. నేను ఆ నవ్వును ఆపలేదు.

హెలికాప్టరు గాలిలో తనంతట తాను నిలకడగా ఉండదు. అనుక్షణం సరిదిద్దుతూ ఉండాలి. ఆలోచించి మీట కదిపేసరికి ఆలస్యమవుతుంది. కంగారుపడి ఎక్కువ కదిపితే రెండవ పక్కకు ఒరుగుతుంది. దాని ముక్కు మనవైపు తిరిగితే మరీ కష్టం. అది తన కుడికి ఒరిగితే మనకు ఎడమగా కనబడుతుంది.

మా అబ్బాయి దాని అడుగున, చివర బంతులున్న పుల్లలను అడ్డంగా కట్టాడు. పగలు కంప్యూటరు తెరపైన, సాయంత్రం మైదానంలో సాధన. మొదట తోక నావైపు ఉంచి నిలపడం, తరువాత పక్కకు, చివరకు ముక్కు నావైపు. కొన్ని వారాలు గడిచాక ఒకనాడు గాలి విసురుకు అది ఒరిగింది. నేను అనుకునేలోపే నా వేళ్ళు దానిని సరిదిద్దాయి.

దీనిని కండరాల జ్ఞాపకం అంటారు. నిజానికి ఆ జ్ఞాపకం ఉండేది మెదడులోనే. 1953లో మూర్ఛకు జరిగిన శస్త్రచికిత్స వలన హెన్రీ మొలైసన్ అనే అమెరికా దేశీయుడు కొత్త సంగతులను గుర్తుంచుకొనే శక్తిని కోల్పోయాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీయించింది. అద్దంలో దిశ తారుమారవుతుంది గదా! ముందు గీసిన సంగతే అతనికి గుర్తు లేదు. చేయి మాత్రం మూడు రోజులలో తప్పులు తగ్గించుకొంది. 1962లో ఆమె ఈ విషయాన్ని ప్రకటించింది. తెలియడం వేరు, చేతికి అలవడడం వేరు.

జూన్‌లో కళాశాల తెరిచాక ఆ విద్యార్థితో, "ఆనాడు నేను వేసిన ప్రశ్నే తప్పు నాయనా" అన్నాను. నాటి నుండి ప్రతిరోజూ పాఠం చివర పది నిమిషాలు అందరం కలిసి ఒక పద్యపాదానికి గణవిభజన చేసేవాళ్ళం. మొదటిరోజున నా హెలికాప్టరు ఎన్నిసార్లు కూలిందో కూడా చెప్పాను. తరగతి మళ్ళీ నవ్వింది. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. ఈసారి కూడా నేను ఆ నవ్వును ఆపలేదు.