బెత్తెడు ఎత్తు

మన హాస్టల్‌లో ఎవరికైనా సొంతమంటూ ఉండేది ట్రంకు పెట్టె ఒక్కటే. బకెట్టు, ఇస్త్రీ పెట్టె, గ్రూప్స్ పుస్తకాలు, ఇంటర్వ్యూకి వేసుకెళ్ళే తెల్లచొక్కా అన్నీ చేతులు మారేవే. వీటన్నిటిలో ఉమ్మడిగా వాడుకోవడం కష్టమైంది సైకిలు. చొక్కా కాస్త వదులైతే ఎవరూ పట్టించుకోరు. సీటు కొలత తప్పితే మాత్రం మోకాలు ఊరుకోదు.

మా గదిలో ముగ్గురం, సైకిలు ఒక్కటి. పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఉద్యోగంలో చేరాక ఆదివారాలు అనంతగిరి గుట్టల్లో తిరగడానికి కొనుక్కున్న గేర్ల సైకిలు అది. పెళ్ళయ్యాక మాకు ఇచ్చేశారు. తెల్లవారుజామున ఆదిలాబాద్ తమ్ముడు దానిమీద తార్నాక, హబ్సిగూడ వీధుల్లో పేపర్లు వేసేవాడు. అతను రాగానే పాలమూరు అన్న ఆర్ట్స్ కాలేజీకి బయలుదేరేవాడు. సాయంత్రం మెదక్ అన్న లైబ్రరీకి పోయేవాడు. పాలమూరు అన్న ఆరడుగుల మనిషి. తమ్ముడు ఆయన గడ్డం దగ్గరే ఆగిపోతాడు.

రోజుకు మూడుసార్లు పానా పట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? సీటును మధ్యరకంగా ఒకచోట బిగించేశాం. అది ఇద్దరికీ సరిపోలేదు. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది. పెద్దాయనకు అదే అయింది. మరీ పైకుంటే పెడల్ అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆగినప్పుడు కాలు నేలకు ఆనదు. తమ్ముడిది ఆ బాధ. ఒకరోజు తార్నాక దగ్గర ఆర్టీసీ బస్సు పక్కన ఆగబోయి పేపర్ల కట్టతో సహా ఒరిగిపోయాడు. వెనక వస్తున్న ఆటోవాలా బ్రేకు వేశాడు కాబట్టి చేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. ఆ రాత్రి తమ్ముడు "అన్నా, ఇగ పేపర్లు ఇడిశిపెడ్త" అన్నాడు. పేపర్లు మానేస్తే పరీక్ష ఫీజు ఎక్కడిది? ఇంటికి పంపే నాలుగు రూపాయలెక్కడివి? ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదు, గదిలో అందరిదీ అయింది.

సంగతి తెలిసి సైకిలిచ్చిన అన్నే ఉపాయం చెప్పారు. మీట నొక్కితే ఎత్తు మారే సీటు గొట్టం ఉంటుందట, దాన్ని డ్రాపర్ పోస్ట్ అంటారట. కొత్తది వేలల్లో ఉంటుంది. ఆయన స్నేహితుడి దగ్గర వాడేసినదొకటి దొరికింది.

దాని కిటుకు ఆఫీసుల్లో తిరిగే కుర్చీలాంటిదే. లావు గొట్టంలో సన్న గొట్టం జారుతుంది, లోపల ఒత్తిడి పట్టిన గాలి ఉంటుంది. మీట నొక్కి కూర్చుంటే బరువుకు సీటు దిగుతుంది. బరువు తీసి నొక్కితే దానంతటదే లేస్తుంది. మీట వదిలిన చోట ఆగిపోతుంది. కొండల్లో సైకిలు తొక్కేవాళ్ళ కోసం పుట్టిన వస్తువు ఇది. ఎక్కేటప్పుడు సీటు పైన ఉంటే కాలికి బలం, నిటారుగా దిగేటప్పుడు కిందికి ఉంటే ముందుకు పల్టీ కొట్టరు. 1980లలో అమెరికాలో జో బ్రీజ్, జోష్ ఏంజెల్ అనే ఇద్దరు సీటు గొట్టానికి స్ప్రింగు తగిలించి, సైకిలు దిగకుండానే సీటు దించే ఏర్పాటు చేశారు. తర్వాత అది హ్యాండిల్ మీద మీటగా మారింది. మనకు కొండల్లేవు గానీ తార్నాక ట్రాఫిక్ ఉంది!

ముందు గొట్టం లావు చూడాలి. దీనికి భౌతికశాస్త్రం చదివే మిత్రుడు వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాడు. ఇంటర్లో మార్కుల కోసం పట్టుకున్న పరికరం మొదటిసారి బతుకులో పనికొచ్చింది. పాత గొట్టం 27.2 మిల్లీమీటర్లు ఉంది, వచ్చిందీ అదే కొలత. అర మిల్లీమీటరు తేడా ఉన్నా లాభం లేకపోయేది.

పాతది ఊడదీసి, ఫ్రేము లోపల గుడ్డతో తుడిచి, గ్రీజు పల్చగా పూసి కొత్తది దించాం. గొట్టం మీద ఇంతకంటే పైకి లాగొద్దని గీత ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి. మా ఫ్రేముకు కేబుల్ లోపల్నించి పోయే రంధ్రాలు లేవు. అందుకే బయటనుంచే జిప్ టైలతో కట్టి, మీటను ఎడమచేతి వైపు బిగించాం. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా కేబుల్ లాగకుండా కొంత వదులు ఉంచాలి. ఒక మాట. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదని మన ఊళ్ళలో అనుకుంటారు. ఇక్కడ అది కుదరదు. బోల్టు అతిగా బిగిస్తే బయటి గొట్టం నొక్కుకుపోయి లోపలిది జారదు. సీటు పక్కకు తిరగకుండా ఉంటే చాలు.

ఇక ఎవరికెంత ఎత్తు? గోడకు ఆని నిలబడి, కాళ్ళ మధ్య అట్టపుస్తకం ఇరికించి నేలనుంచి కొలిచాం. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు తిరిగే నడిమధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. పాలమూరు అన్నకు 84 సెంటీమీటర్లు, అంటే సీటు 74. తమ్ముడికి 76, అంటే సీటు 67. మా గొట్టం పది సెంటీమీటర్లు దిగుతుంది. పైకొస ఎత్తును పెద్దాయనకు పెట్టాం. తమ్ముడు నాలుగు వేళ్ళ మేర, సరిగ్గా బెత్తెడు దించుకుంటాడు. మెదక్ అన్నకు రెండు వేళ్ళ పైన కాస్త. టేపు పట్టే పనిలేదు, చెయ్యే కొలబద్ద. బస్సుల మధ్య ఆగాల్సి వచ్చినప్పుడు తమ్ముడు ఇంకాస్త నొక్కుతాడు, పాదం నేలమీద ఆనుతుంది.

మనుషులు మారినప్పుడు సీటు మార్చుకోవడమే అయితే చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ చాలు, ఖర్చూ తక్కువే. కానీ దానికి ప్రతిసారీ సైకిలు దిగాలి, పైగా సీటును ఎవరైనా పీక్కుపోవచ్చు. కోకాపేట వైపు 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అక్కడైతే ఆగే పనుండదేమో. మన దారి తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీకి, ఆగుతూ పోవడమే.

తమ్ముడు పేపర్లు మానలేదు. క్యారియర్ మీద కట్ట ఎత్తు మాత్రం తగ్గించి రెండు సంచులుగా పక్కలకు వేలాడేస్తున్నాడు, లేకపోతే దిగే సీటు కట్టకు తగులుతుంది. వచ్చే బ్యాచ్ తమ్ముళ్ళకు చెప్పేదేమిటంటే, వానాకాలం వెనక చక్రం బురద ఆ మెరిసే గొట్టం మీదే పడుతుంది, వచ్చీ రాగానే పొడిగుడ్డతో తుడవండి. సీటు దించి ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని సైకిలు లేపకండి. కేబుల్ సాగితే మీట దగ్గర చిన్న మరను అపసవ్యంగా తిప్పండి. ఆరు మూలల పానా మా గది కిటికీ ఊచకు దారంతో కట్టి ఉంది, వాడుకుని అక్కడే కట్టండి.