దేన్ని పట్టుకుంటావే?

గిటార్ కొంటున్నానని చెప్తే అందరూ మొదట అడిగేది "సౌండ్ ఎలా ఉంది?" అని. తర్వాత ధర, ఆ తర్వాత రంగు. నేను ఎనిమిది నెలలు తిరిగింది మాత్రం ఈ మూడింటికీ సంబంధం లేని ఒక విషయం కోసం. గిటార్ నెక్ వెనకవైపు, వినేవాళ్లెవరికీ కనపడని ఆ చెక్క, నా ఎడమ అరచేతిలో ఎలా కూర్చుంటుందన్నది. గిటార్ వాళ్లు దీన్ని నెక్ ఫీల్ అంటారు. తెలుగులో "గిటార్ మెడ" అంటే ఎవరికో మెడ పట్టేసినట్టు వినపడుతుంది కాబట్టి నేనూ నెక్ అనే రాస్తాను. వీణకైతే మనకి చక్కటి మాట ఉంది, దండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, బొటనవేలు. పగలంతా కీబోర్డు, మధ్యలో ఫోను, సాయంత్రం గిటార్. రెండేళ్ల కిందట ఎడమ బొటనవేలి మొదట్లో సన్నగా మొదలైన నొప్పి, పోయినేడాదికి ఇరవై నిమిషాలు వాయిస్తే చాలు పాల ప్యాకెట్ చింపడానికి కూడా కుడిచేతిని పిలిచే దాకా వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ ఒక మాట చెప్పింది: వాయించడం మానక్కర్లేదు, గిల్లినట్టు పట్టుకోవడం మానాలి. విన్నప్పుడు తేలిగ్గానే అనిపించింది. ఇంటికొచ్చి గిటార్ తీస్తే, నా పట్టంతా గిల్లుడేనని అర్థమైంది.

ఇంకో భయం కూడా ఉంది. విజయనగరంలో మా పెద్దమ్మ నలభై ఏళ్లు వీణ వాయించింది. బొబ్బిలి వీణ, ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. అరవై దాటాక వేళ్ల కీళ్లు వాచి వీణని గోడకి చేర్చేసింది. ఇప్పుడు దాని మీద ఒక ఎంబ్రాయిడరీ గుడ్డ ఉంటుంది. ఆ గుడ్డని చూస్తే నాకు ఎందుకో చాలా కోపం.

సెమీ-హాలో ఎందుకన్నదానికి కారణాలు మామూలువే. సన్నటి గోడల అపార్ట్‌మెంట్. రాత్రి పదకొండుకి యాంప్ పెట్టకుండా వాయించినా నాకు నేను వినపడాలి. అలాగని వారాంతం బ్యాండ్‌లో డ్రమ్ముల పక్కన నిలబడితే ఊళ వేయకూడదు. లోపలంతా బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్లకి యాంప్ దగ్గర ఫీడ్‌బ్యాక్ పెద్ద తలనొప్పి. గిబ్సన్ కంపెనీ 1958లో ఈఎస్-335 తెచ్చినప్పుడు రెండు పక్కలా బోలుగా ఉంచి, మధ్యలో నిలువునా మేపుల్ దిమ్మ పెట్టింది. ఇప్పుడు దొరికే సెమీ-హాలోల్లో చాలావాటికి అదే నమూనా. బి.బి. కింగ్ పేరు మీద 1980లో వచ్చిన లూసిల్ మోడల్‌కైతే పైనుండే ఆ ఎఫ్ ఆకారపు రంధ్రాలు కూడా తీసేశారు, ఊళ ఇంకా తగ్గాలని.

ఆ 335నే చూడండి. మొదటి ఏడాది నెక్ గుండ్రంగా, లావుగా ఉండేది. 1960కి బాగా సన్నబడింది. 63, 64 ప్రాంతంలో మళ్లీ కాస్త ఒళ్లు చేసింది. 1965లో వెడల్పు తగ్గించారు, తీగలు నెక్ మీదికి వచ్చేచోట ఉండే నట్ దగ్గర సుమారు 43 మిల్లీమీటర్ల నుంచి 40కి. అదే పేరు, అదే ఒంటి తీరు, ఏడేళ్లలో చేతికి నాలుగు వేర్వేరు వాయిద్యాలు. లావుకీ సన్నానికీ మధ్య తేడా మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. కంటికి కనపడదు. కళ్లు మూసుకుని పట్టుకున్న అరచేతికి మాత్రం గేదె కొమ్ముకీ మేక కొమ్ముకీ ఉన్నంత తేడా.

షాపుల్లో నాకు దొరికిన సలహా ఒక్కటే. "మేడమ్, మీ చేతులు చిన్నవి కదా, ఇది స్లిమ్ నెక్." ఎక్కడికెళ్లినా ఇదే. ఒకచోట నా చెయ్యి చూడకుండానే, నేను తలుపు తోసుకుని లోపలికి వస్తుండగానే, ఒక అబ్బాయి సన్న నెక్ ఉన్నదాన్ని గోడ మీంచి దించేశాడు. చిన్న చేతికి సన్న నెక్ అన్నది వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, దాన్ని ఎవరూ పరీక్షకి పెట్టరు. నిజానికి నా పాత గిటార్‌దీ సన్న నెక్కే. నా బొటనవేలు పాడైందీ దాని మీదే.

మోకాళ్ల డాక్టర్‌కి చూపించుకోడానికి హైదరాబాద్ వచ్చిన పెద్దమ్మ ఒక మధ్యాహ్నం ఆ పాత గిటార్ అడిగి తీసుకుంది. వీణలాగే ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఎడమచెయ్యి కింద నుంచి పోనిచ్చి, నెక్‌ని రెండుసార్లు తడిమింది. "ఇంత సన్నగా ఉంటే దేన్ని పట్టుకుంటావే?" అంది.

"సన్నగా ఉంటేనే వేళ్లు అందుతాయి పెద్దమ్మా."

"వేళ్ల సంగతి కాదు. బొటనవేలు ఆనుకోడానికి చోటేదీ అంటున్నా. ఆనుకోడానికమ్మా, నొక్కడానికి కాదు."

వీణ దండి, గిటార్ నెక్ ఒకటి కావు. వీణ వాయించేవాళ్లు దండిని గుప్పిట పట్టరు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు అప్పడాల కర్రని, ఆ తర్వాత చీపురు కర్రని గిటార్ పట్టుకున్నట్టు పట్టుకుని చూశాను. నవ్వుకోండి, ఫరవాలేదు. సన్న కర్ర మీద బొటనవేలి కొనా వేళ్ల కొనలూ దాదాపు తాకేలా దగ్గరికొస్తాయి. అరచెయ్యి గాల్లో ఉంటుంది. బలమంతా బొటనవేలి మొదట్లో ఉన్న ఒక్క కీలు మీదే. కర్ర కాస్త లావైతే అరచేతి అంచు కూడా దానికి తగులుతుంది, పని పంచుకుంటుంది. ఇది నా చేతి సంగతి. అందరికీ లావు నెక్ మంచిదని కాదు. చిటికెన వేలు ఆరో తీగ దాకా సాగలేక మణికట్టు వంచాల్సి వస్తే, అది ఇంకో రకం నొప్పికి దారి.

నా బ్యాండ్‌లో బేస్ వాయించే కుర్రాడు "అక్కా, స్పెక్స్ చూసుకుని ఆర్డర్ పెట్టెయ్, నచ్చకపోతే రిటర్న్" అంటాడు. స్పెక్స్ నేనూ చూశాను. బీటెక్ మొదటి సంవత్సరం నాటి వెర్నియర్ కాలిపర్ ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది, దాన్ని బ్యాగులో వేసుకుని షాపులకి తిరిగాను. (ఇన్నేళ్లకి దానికో ప్రయోజనం.) మొదటి ఫ్రెట్ దగ్గర రెండు గిటార్లూ 21 మిల్లీమీటర్లే వచ్చాయి. ఒకటి చేతిలో ఇమిడింది, ఇంకోటి ఇటుకని పట్టుకున్నట్టుంది. తేడా మందంలో లేదు, భుజాల్లో ఉంది. నెక్‌ని అడ్డంగా కోస్తే కనపడే ఆకారాన్ని బట్టి వీటికి 'సి', 'డి', 'యు', 'వి' అని పేర్లు పెడతారు. 'సి'లో పక్కలు మెల్లగా జారిపోతాయి. 'డి'లో వెనక చదునుగా ఉండి పక్కలు నిండుగా ఉంటాయి. మధ్యలో కొలిస్తే రెండూ ఒకటే. చెయ్యి మధ్యలో కొలవదు, మొత్తం చుట్టుకుని చూస్తుంది. పైగా ఈ అక్షరాలు కూడా కంపెనీ కంపెనీకీ మారతాయి, ఒకరి 'సి' ఇంకొకరి 'డి'.

ఇంకో చిక్కు, షాపులో మన చేతికి తగిలేది ఒట్టి నెక్ కాదు. తుప్పు పట్టిన తీగలు, వాటి ఎత్తు, పాలిష్, ఏసీ చలి, వెనక నిలబడి చూస్తున్నవాళ్లు, అన్నీ కలిసి తగులుతాయి. వీటిలోంచి నెక్‌ని విడదీయాలి. ఎఫ్ కార్డ్ పట్టడం నరకంగా ఉందా? మొదటి ఫ్రెట్ మీద కాపో బిగించి, దాని పైన అదే ఆకారం పట్టి చూడండి. ఒక్కసారిగా తేలికైపోతే తప్పు నెక్‌ది కాదు, నట్‌లో గాడులు సరిగ్గా దిగలేదు. అది రిపేర్ చేసే మనిషికి చిన్న పని. చెయ్యి జరుపుతుంటే అంచుల్లో ఫ్రెట్ల కొనలు గీరుకుంటున్నాయా? పొడిగాలికి ఫ్రెట్‌బోర్డ్ చెక్క కుంచించుకుపోయి లోహం బయటికొచ్చింది, ఆకురాయితో పోతుంది. తీగలు ఎత్తుగా ఉన్నాయా? అదీ సర్దుకోవచ్చు. నెక్ ఆకారం మాత్రం కొన్నాక మారదు. దాన్ని చెక్కించుకునే సాహసులు ఉంటారు, నేను కాదు.

తర్వాత నిలబడాలి. షాపులో అందరూ స్టూల్ మీద కూర్చునే వాయిస్తారు, నేను ఇంటి నుంచి స్ట్రాప్ తీసుకెళ్లేదాన్ని. స్ట్రాప్ వేసుకుని రెండు చేతులూ వదిలేస్తే కొన్ని గిటార్ల తల మెల్లగా నేల వైపు వాలిపోతుంది. ఒళ్లు తేలిగ్గా ఉండే సెమీ-హాలోల్లో ఇది తరచూ చూశాను. అలా వాలిందంటే, వాయిస్తున్నంతసేపూ నెక్‌ని మోసేది ఎడమచెయ్యే. నాలాంటి బొటనవేలు ఉన్నవాళ్లు అక్కడే దండం పెట్టి బయటికి రావాలి, నెక్ ఎంత మెత్తగా ఉన్నా సరే.

నెక్ ఒంటికి ఎక్కడ అతుక్కుంటుందన్నది కూడా చెయ్యికి సంబంధించినదే. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. 335లో నెక్ పంతొమ్మిదో ఫ్రెట్ దగ్గర ఒంటిని కలుస్తుంది. పై స్వరాలకి వేళ్లు బాగా అందుతాయని అందరూ మెచ్చుకుంటారు. కానీ నెక్ అంత బయటికి వచ్చిందంటే మొదటి ఫ్రెట్ కూడా ఎడమవైపు అంత దూరం జరిగినట్టే. పైనించి ఒళ్లు సుమారు 16 అంగుళాల వెడల్పు. నా మోచెయ్యి దాదాపు నిటారుగా చాచాల్సి వస్తుంది. దీనికి చెల్లెల్లాంటి ఈఎస్-330 చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ మధ్యలో దిమ్మ ఉండదు, పూర్తిగా బోలు. మొదట్లో వచ్చినవాటిలో నెక్ పదహారో ఫ్రెట్ దగ్గరే కలిసేది, అంటే ఫ్రెట్లన్నీ వాయించేవాళ్ల వైపు జరిగాయి. జాజ్ గిటారిస్ట్ ఎమిలీ రెమ్లర్ చేతిలో ఉండేది 330. ఆమె 1990లో, ముప్ఫై రెండేళ్లకే పోయింది. ఆమె వీడియోలు చూసేటప్పుడు నేను పాట వదిలేసి ఎడమ మోచెయ్యి ఎంత వదులుగా ఉందో చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. ఆమె దాన్ని ఎంచుకున్నది అందుకని నేననడం లేదు. ఆ మోచెయ్యిని చూశాక మాత్రం, షాపులో అద్దం ఉంటే దాని ముందు నిలబడి వాయించడం మొదలుపెట్టాను.

ఇన్ని చేసినా మొదటి పది నిమిషాలు చెయ్యి చెప్పేది నమ్మను. పది నిమిషాల్లో చెయ్యికి నచ్చేది తనకి అలవాటైనది. పాత గిటార్‌కి దగ్గరగా ఉన్నదేదైనా "ఆహా" అనిపిస్తుంది. సొంతూరి మనిషి బస్సులో కనపడితే మంచివాడనిపించినట్టు. అందుకని నా పరీక్ష విసుగు పుట్టించేలా పెట్టుకున్నాను. వాయించి చూపించే ముక్కలేవీ వాయించను. ఒకే బార్ కార్డ్, మొదటి ఫ్రెట్ దగ్గర, ఐదో దగ్గర, తొమ్మిదో దగ్గర, నెమ్మదిగా, ఇరవై ఐదు నిమిషాలు. పైకి పోయేకొద్దీ నెక్ లావెక్కుతుంది, కొన్నిటిలో బాగా, కొన్నిటిలో ఉందా లేదా అన్నట్టు. తర్వాత గిటార్ పక్కన పెట్టి గుప్పిట మూసి తెరిచి, వాటర్ బాటిల్ మూత ఎడమచేత్తో తిప్పుతాను. ఆ మూత దగ్గర నా బొటనవేలు అబద్ధం చెప్పదు. రెండు రోజులాగి మళ్లీ అదే గిటార్, అదే కార్డ్, అదే మూత. ఒక షాపులో మూడోసారి వెళ్లేసరికి "మేడమ్, కొనే ఉద్దేశం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. లక్షకి దగ్గరపడే ఖర్చు, నా ఉద్దేశం నాకు తెలియదా?

చివరికి దొరికింది షాపులో కాదు. అల్వాల్‌లో ఒక కుర్రాడు కెనడా వెళ్లిపోతూ అమ్ముతున్నాడు. 335 నమూనాలో తయారైన మామూలు గిటార్, పెద్ద పేరు లేదు. నెక్ లావు, భుజాలు మాత్రం జారుగా ఉన్నాయి. మొదటి ఫ్రెట్ దగ్గర 22న్నర. పట్టుకోగానే నచ్చలేదు. కొత్తగా, కాస్త మొరటుగా అనిపించింది. వాళ్లమ్మగారు టీ ఇచ్చారు. పావుగంట దాటాక నేను కార్డ్ మానేసి ఏదో పాట వాయిస్తున్నానని, నెక్ సంగతే ఆలోచించట్లేదని నాకు తెలిసింది. నలభై నిమిషాలయ్యాక బాటిల్ మూత తిప్పాను. ఆ కుర్రాడు వింతగా చూశాడు. "చేతికి బాలేదక్కా" అని చెప్తే వాళ్లమ్మగారు లోపల్నించి నొప్పుల నూనె పేరు చెప్పారు.

రెండో వారం మళ్లీ వెళ్లి, మళ్లీ వాయించి, తెచ్చుకున్నాను. ఎఫ్ కార్డ్‌కి బొటనవేలు పైనించి వేసే అలవాటు పోయింది, ఈ నెక్ మీద అందదు. కొన్ని పాటలకి వేళ్లు మళ్లీ మొదట్నించీ వేసుకోవాల్సి వచ్చింది. నొప్పి పోలేదు. ఇరవై నిమిషాలకి వచ్చేది ఇప్పుడు ముప్పావుగంటకి వస్తోంది, కొన్ని రోజులు రానే రాదు. మే నెలలో కరెంటు పోయినప్పుడు మాత్రం చెమటకి ఆ మెరిసే పాలిష్ జిడ్డుగా పట్టేసి చెయ్యి జారేది కాదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కొత్తది తీసి, నెక్ వెనకాల మెరుపు పోయేదాకా నిలువునా రుద్దాను. బేస్ కుర్రాడు ఫొటో చూసి "అక్కా, దీని రీసేల్ పోయింది" అని మెసేజ్ పెట్టాడు. పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్తే, "మంచిపని చేశావు, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా, నేనూ చూస్తాను" అంది.