ప్లేట్‌లెట్లు ఎంత?

ఆ వారం ఫోనెత్తితే ఎవరూ హలో అనలేదు. "ఎంత?" అనేవాళ్లు. పొద్దున 31 వేలు, సాయంత్రం 22 వేలు. తమ్ముడికి డెంగీ. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని పెద్దమ్మకీ బాబాయికీ అంకెలు అందిస్తున్నాను. అంకె చూసి మనిషి ఎలా ఉన్నాడో తేల్చేయడం నాకూ తమ్ముడికీ చిన్నప్పటి అలవాటే. డ్రాగన్ బాల్ నేర్పింది.

అకిరా తొరియామా ఆ మాంగాని 1984 నుంచి 1995 దాకా 'వీక్లీ షోనెన్ జంప్'లో గీశాడు. మాకు ముందు టీవీలో తెలిసింది. పుస్తకాలు తర్వాత అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికాయి. అందులో వీరుల బలమంతా 'కి'. మాంగా కనిపెట్టిన మాట కాదది. జపనీస్‌లో ఒంట్లో హుషారుగా ఉండటం 'గెంకి', జబ్బు 'బ్యోకి', వాతావరణం 'తెంకి'. అన్నిట్లోనూ ఆ 'కి' ఉంది. మనం "ఓపిక లేదు" అన్నంత మామూలు మాట. కంటికి కనపడని దాన్ని నలుపు తెలుపుల్లో ఎలా గీయాలి? తొరియామా మనిషి చుట్టూ ఉన్నవి గీశాడు. గులకరాళ్లు గాల్లోకి లేస్తాయి, నేల బీటలిస్తుంది, జుట్టు నిక్కబొడుచుకుంటుంది.

తర్వాత స్కౌటర్ వచ్చింది. కంటికి తగిలించుకునే అద్దం. ఎదుటివాడి బలాన్ని అంకెల్లో చూపిస్తుంది. భూమ్మీద దిగిన రాడిట్జ్‌కి ఎదురైన రైతు బలం 5. ఆ రైతు కథ అక్కడితో సరి. కొన్నాళ్లకి ఫ్రీజా తన బలం 5,30,000 అంటాడు. మాకు ఆ అంకెలంటే పిచ్చి. నాన్న ఆఫీసు నుంచి రాగానే తమ్ముడు కంటి ముందు వేళ్లు పెట్టుకుని "అక్కా, ఇవాళ 7" అనేవాడు.

కానీ స్కౌటర్‌ని నమ్ముకున్నవాళ్లే అందులో మోసపోతారు. గోకూ, అతని స్నేహితులు 'కి'ని దాచుకోగలరు. వాళ్ల దగ్గర అద్దాలు లేవు, ఎదుటివాడి 'కి' వాళ్లకి తెలిసిపోతుంది, అంతే.

ఆ రాత్రి 14 వేలు. రిపోర్టు పట్టుకుని పరిగెత్తాను. డ్యూటీ డాక్టరమ్మ దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టింది. తమ్ముడి వేలిగోరు తెల్లబడేదాకా నొక్కి వదిలి, ఎర్రదనం ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసింది. కడుపునొప్పి ఉందా, ఒంటేలు ఎన్నిసార్లు పోశావు అని అడిగింది.

"జ్వరం తగ్గింది కదా మేడమ్?"

"తగ్గాకే జాగ్రత్తగా చూసుకోవాలమ్మా."

చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. నేను అన్ని గ్రూపుల్లోనూ మెసేజ్ పెట్టాను: బి పాజిటివ్, 14 వేలు, అర్జెంట్. బొటనవేలు గుర్తులు వచ్చాయి, మనుషులు రాలేదు.

మాంగా చివర్లో బూ మీద గోకూ గెంకిదామా ఎత్తుతాడు. అది అందరి దగ్గరా కొంచెం కొంచెం అడిగి పోగుచేసే బలం. చేతులు పైకెత్తమని వెజీటా భూమ్మీద జనాన్ని గద్దిస్తే చాలామంది ఎత్తరు. సొంతంగా ఏ గొప్ప బలమూ లేని మిస్టర్ సేటన్ అడిగితే ఎత్తుతారు. చిన్నప్పుడు అది జోక్ అనుకున్నాం.

అమ్మ మెసేజ్ పెట్టలేదు. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, "మా చిన్నోడికి బాలేదయ్యా" అని ఏడ్చింది. గంటలో అతని మేనల్లుడు వచ్చాడు. ఫుడ్ డెలివరీ చేస్తాడట. పరీక్షలన్నీ అయ్యాక, హెల్మెట్ పక్కన పెట్టుకుని గంటన్నర ఆ మెషీన్ దగ్గర పడుకున్నాడు. అది రక్తం తీసుకుని, ప్లేట్‌లెట్లు ఉంచుకుని, మిగతాది తిరిగి ఒంట్లోకే పంపుతుంది. థాంక్స్ చెప్పబోతే, "లాగిన్ టైమైంది అక్కా" అని వెళ్లిపోయాడు. స్కౌటర్ పెట్టి చూస్తే అతనూ 5 అనే చూపించేదేమో. నేనూ రోజూ గేటు దగ్గర పార్సిల్ తీసుకుంటూ, అతనిలాంటి వాళ్ల మొహం చూడకుండా ఓటీపీ అంకెలు చెప్పి తలుపేసుకున్నదాన్నే.

రెండో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఎంత?"

"అన్నం తిన్నాడు పెద్దమ్మా" అన్నాను.