రాజపాళయం తెల్ల కుక్క

పోయిన వేసవిలో మేము రాజపాళయం వెళ్ళాము. పడమటి కనుమల నీడనున్న ఊరు. బజారులో తమిళం, రాజుల లోగిళ్ళలో మన తెలుగు. 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కుమారస్వామిరాజా గారిది ఈ ఊరే. 2005లో తపాలా బిళ్ళకెక్కిన తెల్ల కుక్కలదీ ఈ ఊరే.

చుట్టాలింట సాకలేమన్న రెండేళ్ళ కుక్కను తెచ్చుకున్నాము. "పిలిస్తే పలకదు, ఒట్టి పొగరు" అన్నారు వారు. బండి దిగగానే మంచం కింద దూరింది. రెండు రోజులు దాని జోలికి పోక, పెరుగన్నం దగ్గర పెట్టి తప్పుకున్నాము. మూడోనాడు తానే వచ్చి మా అమ్మ చెంగు వాసన చూసింది.

తాడు కట్టి వీధిలోకి తీస్తే ఒకటే గుంజుడు. "ఆగు, ఆగు" అని మా గొంతులు పోయాయి. ఒకనాడు దాని వెనుక చెంబు జారి పడింది. మేమంతా ఉలిక్కిపడ్డాము, అది కదలలేదు. చెవుడు! ఈ జాతిలో పుట్టుచెవుడు అరుదేమీ కాదు. పాపం, పొగరని ఎన్ని తిట్లు తిన్నదో!

అది మొదలు మా మాటలన్నీ చేతులతోనే. గుంజితే నిలిచిపోతాము; తాడు సడలించి తిరిగి చూస్తే అరచెయ్యి చూపి ఓ ఇడ్లీ ముక్క. నెలకు మా పక్కనే నడిచింది. తాడు మాత్రం వీధిలో విప్పము. వెనుక వచ్చే లారీ దానికి వినబడదు కదా.

రాజపాళయానికి ఉత్తరం రాశాము, అది పొగరు కాదని.